మొన దాచిన పిక్

ఆ రోజుల్లో అనంతపురం వీధుల్లో గిటారు భుజాన వేసుకుని నడిస్తే ఆటోవాళ్ళు కూడా తలతిప్పి చూసేవారు. ఆ చూపును నేను గౌరవమనే అనుకునేవాణ్ణి. కుందుర్పిలో మా ఇల్లు అప్పటికే సగం కూలిపోయింది. వాన కోసం చూసి చూసి భూములు చేతులు మారాయి. తాతల నాటి ఆస్తుల్లో నా వంతుకు మిగిలింది నిటారుగా నిలబడే వెన్నెముక ఒక్కటే కాబట్టి దాన్నే కాలేజీకి తెచ్చుకున్నాను. తోటివాళ్ళను కూడా 'మీరు' అని పిలిచేవాణ్ణి. అందరూ నన్ను 'దొర' అనేవారు. (అది వెక్కిరింపని తెలియడానికి రెండేళ్ళు పట్టింది.)

గిటారు కొన్నాక పిక్ కొనడానికి అంగడికి వెళ్ళాను. పిక్ అంటే తీగలు మీటడానికి రెండు వేళ్ళ మధ్య పట్టుకునే ప్లాస్టిక్ బిళ్ళ. ఒక వైపు మొన ఉండి, చిన్న ఆకులా ఉంటుంది. అంగడి భాయ్ డబ్బాలోవన్నీ బల్ల మీద పరిచాడు. "పలచందయితే వంగుతాదన్నా, తీగల మీద అట్లా జారిపోతాది, శబ్దం తేలిగ్గా ఉంటాది. మందంది వంగదు, ఒక్కో తీగనూ గట్టిగా పలికిస్తాది. నీకు ఎట్లాంటిది కావల్ల?" వంగడం అనే మాటే నాకు నచ్చలేదు. "అన్నిటికన్నా మందమైనది ఇవ్వండి" అన్నాను. ఎలా పట్టుకోవాలో మాత్రం అడగలేదు. మా ఇంట్లో తమలపాకును తొడిమ దగ్గర పట్టుకుని అందిస్తారు. నేను పిక్ మొనను తొడిమ అనుకుని దాన్ని వేళ్ళ మధ్య దాచి, వెడల్పుగా ఉన్న గుండ్రటి వైపుతో మీటడం మొదలుపెట్టాను. ఏడాది పాటు అలాగే వాయించాను.

ఆ వాయింపు శింగనమల నుంచి మా కాలేజీకి బస్సులో వచ్చే ఒక అమ్మాయికి నచ్చింది. వార్షికోత్సవంలో ఆమె వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న నాట్ల పాట పాడాలి, నేను పక్కన వాయించాలి. ఆమె గొంతు చిన్నది, పక్కన ఏది మోగినా అణిగిపోతుంది. నా మందపు పిక్ గుండ్రటి అంచు తీగను గీరకుండా తోసేది కనుక, నిండు కుండ మీద అరచేత్తో తట్టినట్టు మెత్తగా వినిపించేది. మొదటి రోజు పాట అయ్యాక ఆమె నా వైపు తిరిగి, "బలే ఉండాదప్పా దొరా. అందరి గిటార్లూ అరుస్తాయి. నీది పక్కన కూర్చోని ఊఁ కొడతాండాది" అంది. ఆ మాటకు నా వెన్నెముక ఇంకో అంగుళం పెరిగింది. మధ్యాహ్నాలు ఖాళీ తరగతి గదిలో సాధన చేసేవాళ్ళం. వార్షికోత్సవం ఎప్పటికీ రాకపోతే బాగుండునని నాకుండేది. ఆమెతో ఒక్క మాటా అనలేదు. "మీరు రెండో చరణం కొంచెం నిదానంగా పాడండి" వంటివి తప్ప.

ఉత్సవం వారంలో ఉందనగా తీగ తెగింది. ఆమె కూడా అంగడికి వచ్చింది. భాయ్ కొత్త తీగ బిగించి వాయించి చూడమన్నాడు. నేను గంభీరంగా జేబులోంచి పిక్ తీసి మీటాను. భాయ్ నా వేళ్ళ వైపు చూసి నవ్వాపుకోలేకపోయాడు. "ఎవురు నేర్పిచ్చిరన్నా నీకు? తిరగేసి పట్టుకుంటివే. మొన కిందికి రావల్ల." అంగడిలో ఇంకో నలుగురున్నారు. ఆమె కూడా నవ్వింది, కానీ అది వేరే నవ్వు. (ఆ తేడా నాకు ఇప్పుడు తెలుసు.) "తెలుసు, తీగను పరీక్షించడానికి అలా పట్టుకున్నాను" అని పిక్‌ను తిప్పాను. మందపు మొన తగలగానే తీగ ఖణేల్‌మంది.

మర్నాడు సాధనలో ఆమె గొంతు నా గిటారు కింద పడి నలిగింది. రెండో చరణం దగ్గర ఆపేసింది. "ఇట్ల కాదు, మొన్నటి మాదిరి పట్టుకో."

"అది తప్పు పద్ధతి."

"తప్పయితే ఏం? నాకు బాగుండాది. నీ చెయ్యి ఎవురు చూస్తారప్పా ఆడ?"

"తప్పని తెలిశాక ఎలా పట్టుకుంటానండీ?"

మూడో రోజు ఆమె అంగడికి వెళ్ళి పలచటి పిక్ ఒకటి కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది. "సరే, మొనతోనే వాయించు. ఇదయితే అంత అరవదంట." బల్ల మీద అది గోరంత ఉంది, ఆకాశం రంగులో. తీసుకోవాలని నా చెయ్యి ముందుకు వెళ్ళింది కూడా. కానీ ఇంకొకరు కొనిచ్చింది వాడడం మా ఇంటావంటా లేదు. "నా దగ్గర ఉందండీ" అని దాన్ని ఆమె వైపు జరిపాను. ఆమె దాన్ని పుస్తకంలో పెట్టుకుని, కాసేపు సంచి పట్టీ సరిచేసుకుంటూ నిలబడింది. నేను ఏదైనా అంటానని చూసినట్టుంది. "అయితే ఈ పాటకు గిటారు ఒద్దులే దొరా. ఒంటిగానే పాడుకుంటా" అంది. నేను "మీ ఇష్టం" అన్నాను.

అలాగే పాడింది. వేదిక పక్క తెర వెనకాల, ఎవరూ పిలవని గిటారును మెడలో వేసుకుని, కాపలాదారులా నిటారుగా నిలబడి విన్నాను. అంత పెద్ద మైదానం ఆ చిన్న గొంతు కోసం చప్పుడు చేయకుండా కూర్చుంది. దిగి వస్తూ నన్ను చూసి ఆగింది. ముఖమంతా చెమట, సంతోషం.

"బాగుండిందా?"

"బాగుంది. రెండో చరణంలో శ్రుతి కొంచెం తగ్గింది" అన్నాను.

"అవునా" అని నవ్వి, స్నేహితురాళ్ళ వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత మేము మాట్లాడుకున్నది పరీక్షల గురించే.

ఇన్నేళ్ళ తర్వాత ఆ కుర్రవాడు ఎదురైతే వీపు మీద ఒకటి చరిచి కొంచెం వంగమని చెప్పాలనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. చెప్పినా వినడు, మావాడే కదా. శ్రుతి ఎక్కడా తగ్గలేదు.