కింది వరుస ఖాళీ అయిన రోజు

రెండేళ్ల కిందటి వానాకాలం. భిలాయిలో, రిసాలి రోడ్డు మీద మా ఫ్లెక్స్ షాపు. పెళ్లికైనా ఎన్నికలకైనా ఈ బస్తీ ముఖాలన్నీ నా కంప్యూటర్ మీదుగా పోవలసిందే. నాయకుల ఫ్లెక్సుకు ఒక లేఅవుట్ ఉంటుంది, అంటే ఎవరి ముఖం ఎక్కడుండాలన్న అమరిక. నాయకుడు నిలువెత్తున, కింద అనుచరులు ఒక వరుస. ఆ వరుసలో చోటు కోసం జరిగే కొట్లాటలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

మా వార్డు పార్షద్, అంటే కార్పొరేటర్, సింహాచలం బాబాయ్. శ్రీకాకుళం నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక రాజకీయాల్లో దిగాడు. ఆయన కట్టించిన కమ్యూనిటీ హాలు ముందరి స్లాబు ఆ వానల్లో కూలింది. వాన తగ్గేదాకా దాని కింద నిలబడ్డ నీలమ్మ కాలు విరిగింది. నీలమ్మ మా వీధిలో ఇడ్లీలు అమ్ముతుంది. హాలు కాంట్రాక్టరు మరెవరో కాదు, బాబాయ్ సొంత బావమరిదేనని తెలిసి బస్తీ భగ్గుమంది.

మర్నాడు బాబాయ్ షాపుకొచ్చి, "ఇదంతా ప్రత్యర్థుల కుట్ర" అని ఫ్లెక్స్ వేయమన్నాడు. నాకు ఒళ్లు మండింది. గిరాకీ గిరాకీయే కదా అని పాత ఫైలు తెరిచాను. కొత్త ఫ్లెక్స్ కబురు అప్పటికే పాకినట్టుంది, ఫోన్ల మీద ఫోన్లు.

"దీదీ, నా ఫొటో హటా దో, తీసెయ్. ఇంట్లో గొడవైపోతోంది" అన్నాడు, మొన్నటిదాకా బాబాయ్ వెంట నీడలా తిరిగినవాడు. ఫోను స్పీకరులో ఉంది, పక్కనే బాబాయ్ వింటూనే ఉన్నాడు. ఒకరి తర్వాత ఒకరు. నేను ముఖాలు తీస్తూ పోయాను. చివరికి తెర మీద చేతులు జోడించి నవ్వుతున్న బాబాయ్ ఒక్కడే మిగిలాడు.

ఆయన ఆ ఖాళీ వరుస వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏటి పద్మా, అందరూ దిగిపోనారా?"

"మిగిలింది మీరొక్కరే బాబాయ్."

"మా బావమరిదికి పని ఇప్పించినప్పుడూ నానొక్కణ్ణే కదా. సిమెంటు చాల్లేదని మేస్త్రీ మొత్తుకుంటే నోరు ముయ్యమన్నదీ నానే. కుట్ర మాట తీసీ. ఇది రాసీ."

నమ్మలేకపోయాను. "పోనీ, మీ ఫొటో కూడా తీసేయనా?"

"వద్దమ్మా. ఓట్లడిగినప్పుడు ముఖం పెట్టి, తప్పు ఒప్పుకున్నప్పుడు దాచీస్తే ఎలాగ? ఆ నవ్వు ముఖం మాత్రం మార్చీ."

అక్కడికక్కడే నా ఫోనుతో ఫొటో తీశాను. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అలాగే ఉంచాను.

ఆ ఫ్లెక్సును స్లాబు కూలిన హాలు ముందే కట్టించి, వెళ్లి రాజీనామా ఇచ్చాడు. ఎవరో దాని మీద పేడ కొట్టారు. ఆయన తీయించలేదు. ఫ్లెక్సు మీద రాయించిందే పోలీసులకూ చెప్పాడు. కేసు ఇంకా నడుస్తోంది, ప్రతి వాయిదాకూ వెళ్తున్నాడు. నీలమ్మను ఆసుపత్రికి తిప్పిందీ ఆయనే. మొదట్లో ఆవిడ ముఖం తిప్పుకునేది.

ఈ ఏడాది వేరే కాంట్రాక్టరు కొత్త స్లాబు పోశాడు. స్లాబుకు క్యూరింగ్ చేయాలి, అంటే గట్టిపడేదాకా నీళ్లతో తడుపుతూ ఉండాలి. ఎవరూ చెప్పకుండానే రోజూ పొద్దున్న బాబాయ్ నిచ్చెనెక్కి పైపు పట్టేవాడు. ఒకరోజు నీలమ్మ కర్ర ఊతంతో వచ్చి కింద ఆగింది. తలెత్తి చాలాసేపు చూసింది.

"ఆ మూల తడవనేదు బాబూ. ఆ రోజు నాను నిలబడింది అక్కడే."

ఆయన పైపు అటు తిప్పాడు. మూల నుంచి నీళ్లు కారడం మొదలయ్యాక గానీ ఆవిడ కదల్లేదు.

పదవి పోయినవాళ్ల ఫొటోలు ఫైళ్లలోంచి చెరిపేయడం మా వ్యాపారంలో అలవాటు. నేనూ చేసేదాన్ని. ఇప్పుడు చెయ్యను. పడిపోయిన మనిషికి ఇంకా చేయాల్సిన పని మిగిలే ఉంటుందని ఆ పొద్దున్న నాకు తెలిసింది.