గోడకు ఆనని బెల్లం

2023 మే నెల. అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక సందులో నూకరాజు గారి గోడౌన్ పట్టపగలే కాలిపోయింది. మధ్యాహ్నం భోజనానికి తాళం వేసి వెళ్లారు. మీటరు బోర్డు దగ్గర రేగిన నిప్పు రవ్వలు గోనె సంచుల మీద పడ్డాయి. ఫైరింజను వచ్చేసరికి పైకప్పు రేకులు కూలిపోయాయి. మర్నాడు ఉదయం ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నేను వెళ్లాను.

సర్వేయర్ అనగానే భూమి కొలిచేవాడు అనుకుంటారు. మేం కొలిచేది నష్టాన్ని. ఎంత సరుకు ఉండేది, ఎంత పోయింది, ఎందుకు పోయింది, పాలసీ దేనికి వర్తిస్తుంది అన్నవి తేల్చి రిపోర్టు రాస్తాం. మా ఫీజు కంపెనీ ఇస్తుంది గానీ మేం కంపెనీ ఉద్యోగులం కాదు. రిపోర్టు ఎటూ మొగ్గకూడదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి లైసెన్సు తీసుకున్నాక అది నాకు నాలుగో ఏడు. అప్పటిదాకా చూసినవి ఎక్కువగా పరవాడ వైపు ఫ్యాక్టరీ కేసులే. బెల్లం గోడౌన్ అదే మొదటిది.

ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు కాలితే బూడిద మిగులుతుంది. బెల్లం అలా కాదు. ముందు కరుగుతుంది, తర్వాత మండుతుంది, నీళ్లు కొడితే కొంత కొట్టుకుపోతుంది, మిగిలింది చల్లారి నల్లరాయిలా బిగుసుకుంటుంది. నేను వెళ్లేసరికి నేలంతా ఆ నల్లరాయి. దాని అంచుల్లో సగం కాలిన చోట తేనెటీగలు ముసిరాయి. మాడిన పాకం వాసన ముందు తియ్యగా తగిలి, తర్వాత గొంతులో చేదుగా దిగింది.

నూకరాజు గారికి యాభై ఏళ్లుంటాయి. ఆయన అక్క భర్త అప్పలస్వామి గారు వ్యాపారంలో భాగస్వామి. సీజన్లో వేలంపాటలో బెల్లం కొని, వర్షాకాలం దాకా నిల్వ ఉంచి, పండగల ముందు అమ్ముకోవడం వాళ్ల పని. క్లెయిమ్ ఫారంలో రెండు వేల ఎనిమిది వందల అరవై దిమ్మలు పోయాయని రాశారు. దిమ్మ అంటే అచ్చులో పోసి ఆరబెట్టిన బెల్లం ముద్ద. ఒక్కోటి పదహారు కిలోల దాకా తూగుతుంది.

నేను నాకు తెలిసిన పద్ధతిలో కొలిచాను. నల్లరాయి పరచుకున్న వైశాల్యం, సగటు మందం, సాంద్రత. అంతా కలిపితే పదకొండు వందల దిమ్మలకు మించి రాలేదు. కాలిపోయింది, కొట్టుకుపోయింది ఎంతో తేల్చడానికి నా దగ్గర ఆధారం లేదు. అందుకని గోడలు చూశాను. గోడకు ఆనించి సరుకు ఉంటే, మంట వచ్చినప్పుడు ఆ మేర గోడకు మసి అంటదు. సరుకు పోయినా దాని ఆకారం గోడ మీద తెల్లగా మిగులుతుంది. ఇక్కడ ద్వారం ఉన్న వైపు వదిలేస్తే మూడు గోడలూ పైనుంచి కిందిదాకా ఒకే నలుపు.

ప్రిలిమినరీ రిపోర్టులో, అంటే మొదటి వారంలో పంపే రిపోర్టులో, ఒక వాక్యం రాశాను: "గోడలపై సరుకు నిల్వ తాలూకు ఛాయలు కనిపించలేదు." చూసింది చూసినట్టే రాశాను.

ఆ వాక్యాన్ని కంపెనీ తనకు కావలసినట్టు చదువుకుంది. ఆగస్టులో నూకరాజు గారికి ఉత్తరం వెళ్లింది. లేని సరుకు ఉన్నట్టు చూపారని, తప్పుడు క్లెయిమ్ అయితే పాలసీ నిబంధన ప్రకారం అసలేమీ చెల్లించనవసరం లేదని, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. దీని తర్వాతి మెట్టు రిప్యూడియేషన్, అంటే క్లెయిమ్‌ని పూర్తిగా తిరస్కరించడం.

వాళ్లు ప్లీడరు చేత రాయించి ఇచ్చిన సంజాయిషీ ఒక్క పేజీ. ముప్ఫై ఏళ్లుగా ఇదే సందులో వ్యాపారం చేస్తున్నామని, ఎవరినీ మోసం చెయ్యలేదని, మార్కెట్టులో ఎవరినైనా అడగొచ్చని రాశారు. సరుకు ఎలా పేర్చారన్న మాట అందులో ఒక్కటి లేదు. కొనుగోలు బిల్లులు జతచేశారు. అవి సరుకు వచ్చిందని చెబుతాయి. నిప్పంటుకున్న రోజున అది అక్కడే ఉందని చెప్పవు.

కంపెనీ ఉత్తరం అందిన మర్నాడే నూకరాజు గారు నాకు ఫోన్ చేశారు.

"సర్వేయర్ గారూ, ఈ మాట మీరు రాసేరా?"

"గోడల మీద గుర్తులు లేవని రాశానండి. దొంగ క్లెయిమ్ అని నేను రాయలేదు."

"రెండిటికీ తేడా ఏటండి? వేలంపాటలో సెయ్యెత్తితే సాలు, సరుకు బండెక్కుతాది. డబ్బు తరవాత. ఆ సెయ్యి నమ్మే కదా ఇత్తన్నారు. దొంగ లెక్కలోడని తెలిత్తే రేపు నా సెయ్యి ఎవడు సూత్తాడు?"

నా వాక్యంలో తప్పేమిటో నాకు తెలియలేదు. అయినా జాయింట్ ఇన్‌స్పెక్షన్ పెట్టమని కంపెనీకి మెయిల్ రాశాను. అంటే అందరూ ఒకేసారి వచ్చి చోటుని మళ్లీ చూడడం. రిప్యూడియేషన్ ఉత్తరం సిద్ధమవుతోందని, త్వరగా కానివ్వమని జవాబు వచ్చింది.

సెప్టెంబరులో వెళ్లాం. కంపెనీ నుంచి క్లెయిమ్స్ ఆఫీసరు వచ్చారు. తక్కువ మాట్లాడే మేడమ్. నూకరాజు గారు, అప్పలస్వామి గారితో పాటు సింహాచలం అనే పెద్దాయన వచ్చాడు. కళాసీ, అంటే సరుకు మోసి పేర్చే పనివాడు. ఆ గోడౌన్లో బెల్లం పేర్చింది ఆయనే. మే నెలలో నేను ఆయన్ని కలవలేదు. కలవాలన్న ఆలోచనే రాలేదు.

పైకప్పు లేక మూడు నెలల వానలు నేరుగా లోపల పడ్డాయి. నల్లరాయి సగానికి పైగా కరిగిపోయింది. నేల మీద ఇటుకలు తేలి కనిపిస్తున్నాయి. మొదటిసారి అక్కడక్కడ కనిపించిన ఇటుక ముక్కల్ని చూసి కూలిన అడ్డగోడ అనుకున్నాను.

మేడమ్ అడిగితే ఉత్తరం వైపు గోడ చూపించి చెప్పాను. "సరుకు ఇక్కడ ఉండుంటే ఈ మేర మసి పట్టకూడదు."

సింహాచలం నవ్వాడు. దాచుకున్న నవ్వు కాదు, గట్టిగానే నవ్వాడు.

"గోడకానించి బెల్లం ఎవడెడతాడు బాబూ? గోడలో సెమ్మ ఉంటాది. అది తగిల్తే బెల్లం సెమట పట్టేత్తాది. మూరెడు ఒదిలి పేరుత్తాం. మనిసి అడ్డంగా ఎల్లాల గదా, పాడైనాదో లేదో సూసుకోడానికి."

"ఈ మాట మీ జవాబులో ఎందుకు రాయలేదు?" అని మేడమ్ నూకరాజు గారిని అడిగారు.

ఆయన తెల్లబోయారు. "అది రాయాలేటండి? అందరికీ తెలిసిందే కదా."

అప్పలస్వామి గారు పళ్లు నూరారు. "ప్లీడరు గారు అడిగేరు, ఇంకేమైనా ఉందేటని. నువ్వేటన్నావు? మన నిజాయితీ గురించి రాయండి సాలన్నావు. ఇప్పుడు సూడు, నిజాయితీకి మసి అంటుకున్నాది."

మేడమ్ మెత్తబడలేదు. "ఇది మీరు చెబుతున్న మాట. ఇప్పుడు తట్టిన మాట కాదని నాకెలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్న సరైనదే. అప్పటికప్పుడు మేడమూ నేనూ మార్కెట్టులోకి నడిచాం. వాళ్లెవరినీ వెంట రానివ్వలేదు. ముందుగా చెప్పకుండా మూడు గోడౌన్లు చూశాం. మూడింట్లోనూ బెల్లానికీ గోడకూ మధ్య నేను పక్కకు తిరిగి నడవగలిగినంత జాగా ఉంది. మూడింట్లోనూ దిమ్మలు నేల మీద లేవు. కింద ఇటుకల వరసలు, వాటి మీద చీల్చిన తాటి దబ్బలు, పైన చాప, ఊక. ఒక్కో పేర్పు అడుగు వరసలో అయిదు దిమ్మలు అడ్డం, ఎనిమిది నిలువు. ఎత్తు ఏడు వరసలు. ఒక చోట కొట్టు మనిషిని అడిగాను, ఎనిమిదో వరస ఎందుకు వెయ్యరని. "ఛాతీ దాటితే కింద దిమ్మ ఏడుత్తాది" అన్నాడు. బరువుకి మెత్తబడి పాకం కారుతుందని.

తిరిగి వచ్చాక పలుగు, చీపుర్లు తెప్పించాం. మిగిలిన నల్లరాయి పెంకు తీసి ఇటుకల వరసలు బయట పెట్టడానికి రెండు గంటలు పట్టింది. దబ్బలు, చాపలు కాలిపోయాయి. ఇటుకలు మాత్రం పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ప్రతి పేర్పు కింద అయిదడుగులు, ఎనిమిదడుగులు, దిమ్మకి అడుగు చొప్పున. గోడ నుంచి మూరెడు దూరం. పేర్పుల మధ్య దారిలో సిమెంటు నేల వేడికి పగిలి గులాబి రంగుకు తిరిగింది. ఇటుకల కింద బూడిద రంగులోనే నున్నగా ఉంది. అక్కడ మంట నేలను తాకలేదు. ఆ పైన బరువైనది ఏదో నిలబడి ఉండేది.

"మరి మిగతా బెల్లం ఎటు పోయింది?" అని మేడమ్ అడిగారు.

"కాలవలోకండి" అన్నాడు సింహాచలం. "మూడ్రోజులు పానకం పారినాది. ఊళ్లో సీమలన్నిటికీ పెళ్లి బోజనం."

మేడమ్ మొదటిసారి నవ్వారు.

నేను లెక్క వేశాను. ఒక్కో పేర్పు రెండు వందల ఎనభై దిమ్మలు. ఇటుకల పునాదులు పదకొండు. మొత్తం మూడు వేల ఎనభై. క్లెయిమ్ కన్నా ఎక్కువే వస్తోంది. పైకి చదివాను. అప్పలస్వామి గారు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

నూకరాజు గారు మూలనున్న పునాది దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"ఇది కాదండి. పది రాయండి. దీని మీద ఉన్నవి గోనెలు. బెల్లం కాదు."

"ఒరే నూకరాజూ!" అప్పలస్వామి గారి గొంతు లేచింది. "నిన్నెవడైనా అడిగేడా? నీ నోట్లో నువ్వుగింజ నానదేటిరా?"

"నానదు బావా. నేను అబద్దమాడేనని కాయితం మీద రాసేరు. ఆ కాయితం పోవాల. బెల్లం పోతే పోనీ."

మేడమ్ నా లెక్క కాగితం అందుకున్నారు. "పది అయితే రెండు వేల ఎనిమిది వందలే వస్తాయి. మీరు రాసింది రెండు వేల ఎనిమిది వందల అరవై."

"ఆ అరవై ద్వారం కాడ బల్ల మీద ఉండేవి, సిల్లరకి. బల్ల కాలిపోనాది. రుజువేటి సూపిత్తాను? ఒదిలేయండి."

ఆ సాయంత్రం అడెండమ్ రాశాను. ముందు పంపిన రిపోర్టుని సరిదిద్దుతూ రాసే అనుబంధం అది. గోడల గురించిన నా పరిశీలన నిజమే గానీ, దాని నుంచి సరుకు లేదన్న నిర్ధారణకు రావడానికి వీల్లేదని, ఈ వ్యాపారంలో నిల్వ చేసే పద్ధతిని మొదట విచారించకపోవడం నా లోపమని రాశాను. ఫొటోలు, మిగతా మూడు గోడౌన్ల కొలతలు జతచేశాను. "లోపం" అన్న మాట వద్దని మా సీనియర్ అన్నారు. ఉంచేశాను.

డిసెంబరులో రెండు వేల ఎనిమిది వందల దిమ్మలకు క్లెయిమ్ మంజూరైంది. ఉత్తరం అందగానే నూకరాజు గారు ఫోన్ చేశారు. సంతోషంగా ఉంటారనుకున్నాను.

"ఇందులో ఎంత ఇత్తారో రాసేరు. ఆ మాట ఎనక్కి తీసుకున్నట్టు ఎక్కడా లేదేటండి?"

నిజమే. మంజూరు ఉత్తరంలో అలాంటి వాక్యం ఉండదు. మేడమ్‌కి ఫోన్ చేసి ఆయన అడిగింది చెప్పాను. అలవాటు లేదన్నారు. పది రోజుల తర్వాత కంపెనీ లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాల ఉత్తరం వెళ్లింది. ఆగస్టు ఉత్తరంలోని ఆరోపణను ఉపసంహరించుకుంటున్నామని. దాన్ని జేబులో పెట్టుకుని నూకరాజు గారు వేలంపాటకు వెళ్లారట. చెయ్యెత్తారట. మొదటి రోజే నలభై దిమ్మలు బండెక్కాయట. ఉత్తరం జేబులోంచి తియ్యాల్సిన పని పడలేదని అప్పలస్వామి గారు నాకు చెప్పారు.

కాలిన చోటు మనతో మాట్లాడుతుందని మాకు నేర్పుతారు. మాట్లాడుతుంది, కానీ ఆ వ్యాపారం భాషలో. ఆ భాష రాకుండా నేను రాసుకున్న ఒక నిజమైన వాక్యం, నిజాయితీపరుణ్ణి నాలుగు నెలలు దొంగగా నిలబెట్టింది. వాళ్లకి మరీ తెలిసిన సంగతి కాబట్టి వాళ్లు చెప్పరు. మనకి తెలియదని మనకే తెలియదు కాబట్టి మనం అడగం.

మొన్న కశింకోట దగ్గర ధాన్యం గోడౌన్ కాలితే వెళ్లాను. యజమాని కాగితాల ఫైలు పట్టుకుని ఎదురొచ్చాడు. బస్తాలు పేర్చే మనిషిని ముందు పిలిపించమన్నాను. అతను వచ్చేదాకా టేపు బ్యాగులోంచి తియ్యలేదు.