పంతొమ్మిదో ఎక్కం

ఎనిమిదో తరగతిలో నాకు ఖోఖో పిచ్చి పట్టింది. మా జహీరాబాద్ బడిలో ఆడపిల్లల జట్టు కడుతున్నారని తెలియగానే అందరికంటే ముందు చెయ్యెత్తాను. ఆటల సారు నా చెయ్యి దించేశాడు. "నీకు ఉబ్బసం గదా. డాక్టర్ చిట్టి తీస్కరా, అప్పుడు జూద్దాం" అన్నాడు. చిట్టి రాకపోతే ఆ ఏడాది కూడా గట్టు మీద కూర్చుని తోటివాళ్ల చెప్పులకు కాపలా కాయాలి. ఆ ఉద్యోగంలో నాకు అప్పటికే మూడేళ్ల అనుభవం.

ఐదో తరగతిలో ఒకసారి ఊపిరాడక నీలబడిపోయానట. అప్పటినుంచి ఉరకొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. నేను బుద్ధిగా తలూపేదాన్ని. బడి వదలగానే ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వెంటపడేదాన్ని. చెరుకు లేని కాలంలో ఊరికే ఉరికేదాన్ని.

ఇంటికి రాగానే అమ్మ గడపలోనే ఆపేది. "చెప్పులు తర్వాత ఇడుద్దువు. పంతొమ్మిదో ఎక్కం జెప్పు." అదేం పట్టుదలో నాకు అర్థమయ్యేది కాదు. అమ్మకు సంతకం కూడా రాదు. కోపమొచ్చిన రోజు పంతొమ్మిది ఆర్లు నూట యాభై అని చెప్పినా తలూపి లోపలికి పంపేది. నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

చిట్టి కోసం అమ్మే దవాఖానకు తీసుకెళ్లింది. ఉరుకుతావా అని డాక్టరు అడిగితే లేదన్నాను. ఆయన మొదట నా ఛాతీ, వీపు విన్నాడు. తర్వాత గేటు నుంచి వేపచెట్టు దాకా, తను ఆపమనేవరకు అటూ ఇటూ ఉరకమన్నాడు. అప్పుడు పట్టుకుంది భయం. బాగా ఉరికితే మూడేళ్ల దొంగతనం అమ్మ ముందే బయటపడుతుంది. ఆయాసం నటిస్తే చిట్టి పోతుంది. రెండు చుట్లు ముసలమ్మలా కాళ్లీడ్చాను. మూడో చుట్టులో గట్టూ చెప్పులూ గుర్తొచ్చాయి, ఇక ఆగలేదు. బెంచీ మీది రోగులు తమ జబ్బులు మర్చిపోయి నా చుట్లు లెక్కపెట్టారు.

డాక్టరు చేతిగడియారం చూసి ఆపాడు. "ఏదన్న ఒక ఎక్కం జెప్పు, ఆగకుండ." నాలుక మీద ఉన్నది పంతొమ్మిదోదే, గడగడా చెప్పేశాను. కూర్చోబెట్టి, కాసేపాగి మళ్లీ విన్నాడు. "కొందరికి ఉరికేటప్పుడు కాదు, ఆగినంక ఆయాసం పట్టుకుంటది" అన్నాడు. ఛాతీలో పిల్లికూతలు రాలేదు.

"ఉరకని పిల్ల గిట్ల ఉరుకుడు నేనెప్పుడు జూడలే" అన్నాడు నవ్వుతూ. నేను తలొంచుకున్నాను. "చిట్టి రాసిస్త. ఆటకు ముందుగాల మెల్లగ నడిచి ఒళ్లు వేడి జేసుకోవాలె. పిల్లికూతలొస్తె ఆపాలె. ఇంటికాడ నువ్వు గూడ జూస్తుండమ్మా, ఉరికొచ్చినంక మాట తెగుతున్నదా అని."

"మూడేండ్ల సంది రోజు జూస్తనే ఉన్న సారూ" అంది అమ్మ. "గందుకే దర్వాజల నిలబెట్టి ఎక్కం జెప్పిస్త. లెక్క నాకేం ఎరుక? దమ్ము తెగుతదా అని వింట."

నాకు సిగ్గేసింది. దారిలో అడిగాను. "ఉరుకుతున్నట్టు ఎర్కుంటె ఎందుకు తిట్టలేదు?"

"దమ్ము మంచిగనే ఉన్నది గదా, ఎందుకు ఆపాలె" అంది, చిట్టిని కొంగుకు ముడేస్తూ.

ఆ సాయంత్రం అడగకముందే గడపలో నిలబడి ఎక్కం అందుకున్నాను. పంతొమ్మిది ఆర్లు నూట పద్నాలుగు అన్నాను. అమ్మ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది.