తోడు వెళ్ళినవాళ్ళ మీద దావా

నలభై ఒకటో ఏట మళ్ళీ నెల తప్పిందని తెలిసినప్పుడు లొరెట్టా బిగమ్‌కు ముందు వచ్చింది భయమే. టెక్సాస్ పడమటి కొసన, పత్తి చేల నడుమ ఒక చిన్న ఊళ్ళో ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. పన్నెండేళ్ళ కిందట రెండో కాన్పులో గుండె దెబ్బతింది. మళ్ళీ కడుపు రాకూడదని డాక్టర్లు అప్పుడే గట్టిగా చెప్పారు.

డాక్టరు స్కాను చూసి తెరను ఆమె వైపు తిప్పాడు.

"ఎనిమిది వారాలు. మీ గుండె తట్టుకోవడం కష్టం."

"అయితే తీసెయ్యండి."

"టెక్సాస్‌లో అది నేరం. ప్రాణం మీదికొస్తేనే చట్టం ఒప్పుకుంటుంది. వచ్చిందని ఇవాళ నేను సంతకం పెట్టలేను. పెడితే నేను జైలుకు పోవచ్చు."

"ఎంత దాకా వస్తే పెడతారు?"

ఆయన తలుపు వంక చూసి గొంతు తగ్గించాడు. "న్యూ మెక్సికోలో ఈ నెల వాతావరణం బాగుంటుందట."

ఆ మాటకు అర్థం లొరెట్టాకు బయట కారు తాళం తీస్తుంటే తట్టింది.

ఉచితంగా సలహా చెప్పే వకీలుకు బస్సుల షెడ్డు వెనక నిలబడి ఫోన్ చేసింది.

"ఇక్కడి చట్టం పట్టుకునేది డాక్టరును, మిమ్మల్ని కాదు. రాష్ట్రం పొలిమేర దాటి న్యూ మెక్సికోకు పోతే అక్కడ నేరమే కాదు," అందావిడ. "కానీ మీ కౌంటీవాళ్ళు సొంతంగా ఒక కట్టడి పెట్టారు. మిమ్మల్ని ఈ రోడ్ల మీద తీసుకెళ్ళినవాళ్ళ మీద ఎవరైనా దావా వెయ్యొచ్చు. కోర్టులో నిలుస్తుందో లేదో నేను చెప్పలేను."

ఒక్కతే పోదామనుకుంది. న్యూ మెక్సికోలోని అల్బుకర్కీ ఆస్పత్రివాళ్ళు మత్తు ఇస్తామన్నారు, తోడు లేకపోతే చేసేది లేదన్నారు. భర్త డ్వైట్ చమురు బావుల దగ్గర. మరో పది రోజులకు గాని రాడు. తోటి డ్రైవరును అడిగితే ఆమె చూపు తిప్పుకుంది.

మర్నాడు అత్తగారు వెర్నా తలుపు తట్టింది. ఒకప్పుడు ఇలాంటి ఆస్పత్రుల ముందు గర్భం తీయించుకోవద్దని రాసిన అట్ట పట్టుకుని నిలబడిన మనిషి. లొరెట్టా తలుపు సగమే తీసింది.

"డ్వైట్ చెప్పాడు. ఎప్పుడు?"

"గురువారం. అత్తా, నువ్వేమంటావో నాకు తెలుసు."

"తెలీదు. అది పాపమని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పిల్లలిద్దరికీ తల్లి కావాలి. కారు నేను నడుపుతా."

"నీ మీద కేసు వేస్తారు."

"వెయ్యనీ. డెబ్బై రెండేళ్ళదాన్ని, నా దగ్గరేం గుంజుకుంటారు, కోళ్ళా?"

గురువారం తెల్లవారి బయలుదేరారు. కౌంటీ దాటకముందే షెరీఫు పోలీసు బండి ఒకటి వెనక పడింది. వెర్నా వేగం పెంచలేదు, తగ్గించలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. లొరెట్టా అద్దంలో దాన్నే చూస్తూ కూచుంది. ఎనిమిది మైళ్ళ తర్వాత ఆ బండి ధాన్యపు గోదాముల వైపు మళ్ళింది.

"ఎక్కడికని అడిగితే ఏం చెప్పేదానివి?"

"నిజమే చెప్పేదాన్ని. కోడల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నానని."

పని సాయంత్రానికి అయింది. గుండె నిలకడగానే ఉందని చెప్పి మర్నాడు పంపారు. తిరుగు దారిలో వెర్నా ఒకచోట కారు ఆపి, చేలగట్టున నిలబడి కాసేపు ఏడ్చి వచ్చింది. లొరెట్టా నీళ్ళ సీసా అందించింది.

ఆదివారం చర్చిలో వెర్నా పొరుగావిడ, "రెండ్రోజులు మీ ఇంటికి తాళం ఉందేం?" అని ఆరా తీసింది.

"ఊరెళ్ళాం," అంది వెర్నా.

దావా ఏదీ రాలేదు. అయినా ఏడాది పొడుగునా, ఎవరు పంపారో తెలియని కవరు వచ్చినప్పుడల్లా లొరెట్టా దాన్ని నిలబడే చించి చదివేది.