చెమటకాయలని చెప్పిన అబద్ధం

ఎదురింటి నర్సమ్మ పోయినారు. మంగళవారం పొద్దున మా అత్త పాలప్యాకెట్‌తో లోపలికి వచ్చి, "నర్సమ్మ నిద్దర లేవలేదంట మే" అని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఒకప్పుడు ఆ నర్సమ్మ మా గడప తొక్కి వెళ్తే ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసిన మనిషి మా అత్త. నేనూ తక్కువేం కాదు. దాదాపు ఎనిమిది నెలలు ఆమెను అనుమానిస్తూ గడిపాను. ఆ సంగతి దాచి ఆమె గురించి మంచిమాటలు రాయడం నాకు చేతకాదు.

బిట్రగుంటలో రైల్వే కాలనీ వెనక వీధి మాది. మా ఆయనకు కృష్ణపట్నంలో కరెంటు ప్లాంటులో పని, వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. నర్సమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరై, ఒంటరిగా ఉండేవారు. ఎవరినీ తొందరగా నమ్మేవారు కాదు. ఎక్స్‌పైరీ తేదీ చూడనిదే కాకరకాయ కూడా కొనరని వీధిలో నవ్వుకునేవాళ్ళం.

తొమ్మిదేళ్ల క్రితం, నాకు రెండో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు సన్నగా జ్వరం వచ్చి తగ్గింది. మెడ మీద, చేతుల మీద ఎర్రగా పేలింది. గుడ్డలు ఆరేస్తుంటే నర్సమ్మ వీధి దాటి వచ్చి నా మెడ వంకే చూశారు.

"ఏంది పాపా ఆ ఎరుపు?"

"చెమటకాయలు."

"ఎన్నో నెల?"

మా ఆయనకే తెలియని సంగతి ఈమెకెలా తెలిసింది? "అట్లాంటిదేం లేదు" అని లోపలికొచ్చి గడియ పెట్టుకున్నాను.

సంగతి అందరికీ తెలిశాక ఆమె రోజూ రావడం మొదలుపెట్టారు. "మొదట్లో జొరం ఏమన్నా వచ్చిందా? నిజం చెప్పు" అని అదే ప్రశ్న. ప్రతిసారీ లేదనే చెప్పాను. నెల్లూరు వెళ్లి రక్తపరీక్ష చేయించుకోమంటే, ఆ ల్యాబు ఈమెకు తెలిసినవాళ్ళదేమో అనుకున్నాను. ఆమె తెచ్చిన మునగాకు వేపుడు గోడ అవతలికి పోయేది. "పిల్లల్లేని మనిషి. కడుపు మీదనే ఉండాది చూపంతా" అనేది మా అత్త.

నర్సమ్మ మాత్రం లోపలి బిడ్డ కళ్ళ గురించే మాట్లాడేవారు. "మొదటి మూణ్ణెల్లలోనే కన్ను తయారవతాది పాపా. గసగసాల గింజంత నల్లచుక్క, అంతే. తర్వాత రెప్పలు అతుక్కోని ఉంటాయి. ఆరో నెల దాటినాక విడతాయి." ఏడో నెలలో నన్ను వరండాలో లేతెండకు కూర్చోబెట్టి, "లోపల చిమ్మచీకటే అనుకుంటుండావా? ఎర్రంగా, మసగ్గా వెలుతురు పోతాదంట" అన్నారు. ఆ మాట ఎంతో బాగుంది. అయినా, ఈమెకెందుకు ఇదంతా అని లోపల ఒక ముల్లు.

పాప పుట్టిన ఇరవయ్యో రోజున ఆమె చిన్న టార్చితో వచ్చి, కిటికీ మూయించి, పాప కళ్ళలోకి వెలుతురు వేశారు. మా అత్త బిడ్డను లాక్కుంది.

"ఏం చేస్తుండావు నా మనవరాలికి?"

"కంటిపాపలో తెల్లంగా ఉండాది. రెండిట్లోనూ."

"నీ నోరు పడిపోను!"

నర్సమ్మ నా వైపే చూశారు. "ఆ పొద్దు చెమటకాయలు కాదు గదా పాపా?"

నేను ఏడ్చేశాను. జ్వరం సంగతి అప్పుడు చెప్పాను.

మర్నాడే నేనూ పాపా నర్సమ్మా చెన్నై బస్సెక్కాం. దారిలో ఆమె చెప్పారు: ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గర్భిణి ఇట్లాగే చెమటకాయలంటే నమ్మారట. ఆ బిడ్డను, చూపు లేదని, మూడేళ్ళకు తీసుకొచ్చారట. "అప్పటికి చేసేదేం లేకపాయ. కన్ను నొప్పని చెప్పదు పాపా. మనమే అడగాల." పాపను ఒళ్ళో వేసుకుని, ఎండ పడకుండా చేయి అడ్డం పెట్టి కూర్చున్నారు.

పాప కళ్ళలో శుక్లాలకు, నాకు రెండో నెలలో వచ్చిన రుబెల్లా జ్వరమే కారణమన్నారు డాక్టరు. చెవులూ గుండే కూడా చూసి, అవి బాగున్నాయన్నారు. ముందే చెప్పినా ఆ జ్వరాన్ని వెనక్కి తిప్పలేరట. కానీ పుట్టిన రోజే కళ్ళు చూసేవాళ్ళు. రెండు నెలలు నిండకముందే ఆపరేషన్లు అయ్యాయి. ఇంత పసిబిడ్డకు అద్దాలేమిటని వీధంతా బుగ్గలు నొక్కుకుంటే, అవి జారకుండా రబ్బరు పట్టీ కట్టింది నర్సమ్మే. ఒక కన్ను ఇప్పటికీ మందమే. రెండోదానితో పాప మూడో తరగతి పుస్తకాలు తనే చదువుకుంటుంది.

నేను ఆమెను క్షమాపణ అడిగింది ఒక్కసారే. "నన్ను అనుమానించినావు, సరే. నాకూ నీ మీద అనుమానమే గదా" అని నవ్వేశారు.

మంగళవారం ఆమెను వరండాలో పడుకోబెట్టారు. మా అత్త కాళ్ళ దగ్గర కూర్చుని లేవలేదు. పాప మాత్రం నేరుగా తల దగ్గరికి వెళ్లి, దేన్నయినా చూసినట్టే అద్దాలు తగిలేంత దగ్గరగా వంగింది. చాలాసేపు అట్లాగే చూసింది.

"అమ్మా, అవ్వ రెప్ప మీద చిన్న పుట్టుమచ్చ ఉండాది. నువ్వు చూసినావా?"

ఇన్నేళ్ళు ఎదురెదురుగా ఉన్నాం. నేను చూడలేదు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పాప వేలు చూపించిన చోటికి నేనూ వంగాను.