తొమ్మిదో గోళీ

సైకిలు వెనక చక్రం విప్పారంటే, మా చిన్నప్పుడు, ఆ పని అయ్యేదాకా ఎవరూ వాకిట్లో తిరగకూడదు... మేం బాబా అని పిలిచే మా నాన్న పెట్టిన కట్టుబాటు అది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. నాకు పదేళ్ళు. మాది దంతాలపల్లి. బాబా సైకిలుకు గాజుల పెట్టె కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. తెలంగాణ కోసం బందులు జరుగుతున్న రోజులు... బస్సులు లేవు, బడి లేదు, సైకిలు షాపు కూడా మూసే ఉంది. వెనక చక్రం కరకరమంటుంటే బాబానే విప్పుకున్నాడు.

గొలుసు తప్పించి, పానాతో రెండు నట్లూ తీసి, చక్రం బయటికి లాగాడు. కింద పాత చీర పరిచి, చక్రం నడుమనున్న హబ్బులోంచి ఇరుసు తీస్తే, నల్లటి జిడ్డుతో ఇనుప గోళీలు రాలాయి. ఆ గోళీల మీదే చక్రం తిరుగుతుంది. కుడి పక్క తొమ్మిది, ఎడమ పక్క తొమ్మిది. వాటిని పట్టి ఉంచే కోను ఒకటి అరిగి గుంతలు పడింది. కొత్తది ముందే తెచ్చిపెట్టుకున్నాడు.

గోళీలను గ్యాస్‌నూనెలో, అదే కిరోసిన్‌లో, కడిగి, తుడిచి, రెండు కొబ్బరి చిప్పల్లో వేసి నా ముందు పెట్టాడు.

"గీ పక్కయి గా పక్కకు కలవద్దు బేటీ. ఇన్నేండ్లు ఒక్కతాన తిరిగినయి. నువ్వు లేవకు."

గ్రీజు డబ్బా కోసం లోపలికి వెళ్ళాడు.

అప్పుడే వీధిలోకి ఊరేగింపు వచ్చింది... జెండాలు, కేకలు. నేను లేచాను. గడప దాకానే వెళ్ళాను.

తిరిగి చూస్తే రెండేళ్ళ తమ్ముడు ఖాజా చిప్పల దగ్గర కూర్చుని ఉన్నాడు. పెదవుల మీద గ్యాస్‌నూనె వాసన. ఒక చిప్పలో తొమ్మిది... రెండో దాంట్లో ఎనిమిది.

నోట్లో వేలు పెట్టి చూశాను. లేదు. చీర దులిపాను. లేదు. అమ్మీ పరుగెత్తుకొచ్చి, "గోళీ ఏడుందిరా?" అంటే, వాడు బొజ్జ మీద చెయ్యి పెట్టి చూపించాడు. అమ్మీ ఏడుపు అందుకుంది. బాబా ఆలోచించి, "కాకి ఏడుందిరా?" అన్నాడు. మళ్ళీ బొజ్జే చూపించాడు.

పక్కింటి రాజవ్వ వచ్చింది.

"వాడు మింగిండో లేదో వానికే ఎరుక లేదు. మీకెట్ల ఎరుక? అరటిపండు పెట్టుండ్రి."

"బందుల అరటిపండ్లు ఏడ దొరుకుతయి రాజవ్వా?" అంది అమ్మీ.

"అయితే అన్నం ముద్దలు పెట్టు. ముద్దల చుట్టుకొని అదే వస్తది. మా పెద్దోడు అంగీ గుండీ మింగిండు. మూడు దినాలకు మళ్ళ అదే అంగీకి కుట్టిన."

అమ్మీ నవ్వలేదు. వాణ్ణి మానుకోట దవాఖానకు తీసుకుపోవాలని పట్టుబట్టింది. పోవడానికి ఉన్నది ఆ సైకిలు ఒక్కటే... అది వాకిట్లో ముక్కలై ఉంది.

బాబా కూర్చుని మళ్ళీ బిగించాడు. గ్రీజు రాసి, కుడి పక్క తొమ్మిది గోళీలు అమర్చాడు. ఎడమ పక్క ఎనిమిదే. కొత్త కోను ఎక్కించి, చక్రం తిప్పి చూశాడు.

"ఎనిమిదింటితోని నడుస్తదా?" అంది అమ్మీ.

"నడుస్తది. జర ఊగుతది."

నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. ఖాజాను ఒళ్ళో పెట్టుకుని అమ్మీ వెనక కూర్చుంది. పోతూ పోతూ బాబా, "నువ్వు దేవులాడు బేటీ. దొరికితే..." అని ఆగిపోయాడు. దొరికినా వాళ్ళకు చెప్పేదెట్లా...

పిండి జల్లెడ తెచ్చి వాకిలి మట్టంతా జల్లించాను. గాజు పెంకులు, చింతగింజలు, ఒక పూస. రాజవ్వ అరుగు మీద కూర్చుని, "గా మూలకు చూసినవా బిడ్డా... గిటు చూడు," అంటూనే ఉంది. సాయంత్రం అసర్ నమాజు వేళ, మట్టి చేతులు కడుక్కుని, చాప మీద నిలబడ్డాను. అది మట్టిలోనే ఉండాలని అడిగాను. ఉన్నది ఎక్కడ ఉందో అక్కడే ఉంటుందని నాకు తెలుసు. అయినా అడిగాను.

పొద్దు వాలకముందే వాళ్ళు తిరిగొచ్చారు... ఊగుతున్న సైకిలు నెట్టుకుంటూ, నడిచి. దారికి అడ్డంగా చెట్లు కొట్టి వేశారట. అక్కడ నిలబడ్డవాళ్ళు, "మానుకోటల గడబిడ ఉన్నది అన్నా, చిన్న పిలగానితోని పోవద్దు," అని తిప్పి పంపారట.

"మంచిగనే చెప్పిండ్రు," అన్నాడు బాబా. "మనోళ్ళే. మనకోసమే అడ్డం పెట్టిండ్రు. ఎవని మీద కోపానికి రావాలె?"

ఖాజా ఆయన భుజం మీద నిద్రపోతున్నాడు.

మూడు రోజులు, వాడు దొడ్డికి పోయిన ప్రతిసారీ, అమ్మీ పుల్లతో వెతికి చూసింది. ఏమీ రాలేదు. నాలుగో రోజు రాజవ్వ, "ఇగ ఇడ్సిపెట్టు తల్లీ, పోరడు మంచిగున్నడు," అంది. అమ్మీ పుల్ల పారేసింది. కానీ ఆ తర్వాత ఏడాది పాటు వాడు కడుపు పట్టుకుని ఏడిస్తే చాలు, ఇంట్లో అందరం తినే అన్నం వదిలి లేచేవాళ్ళం. షాపు తెరిచాక బాబా కొత్త గోళీ ఒకటి తెచ్చి చక్రంలో వేశాడు. పాతది మట్టిలోనూ దొరకలేదు... వాడిలోంచీ రాలేదు.

నలభై ఏళ్ళు దాటాక ఇప్పుడు మళ్ళీ తెలంగాణ ఉద్యమం రోజులు. మళ్ళీ బస్సులు నిలిచిపోయాయి. కానీ ఏ పిల్లవాడైనా ఏదైనా మింగితే నాలుగు చోట్లకు ఫోన్లు పోతాయి, ఎక్స్‌రే నల్లటి ఫిల్ము తీసి ఇదిగో ఇక్కడుందని వేలు పెట్టి చూపిస్తారు. మంచిదే. ఆ రోజుల్లో మాకు చూపించేవాళ్ళు లేరు. తెలియని దానితోనే వండుకున్నాం, తిన్నాం, పడుకున్నాం.

మీ ఇళ్ళల్లోనూ ఇలా చివరికి ఏమైందో తెలియకుండా మిగిలిపోయినవి ఉండే ఉంటాయి... కింద రాస్తే నెమ్మదిగా చదువుకుంటాను.

ఖాజాకు నలభై దాటాయి. బాగున్నాడు. నమాజు తర్వాత దువాలో ఇప్పటికీ నేను మొదట వాడి పేరే తీస్తాను... ఏమని అడగాలో మాత్రం ఇన్నేళ్ళయినా తెలియలేదు.