ఉప్పు లేని పిండి ముద్ద

మా బావ పాలు పోస్తాడు. లాల్‌దర్వాజాలో బర్రెల కొట్టం, ఉప్పుగూడ దాకా వాడుక ఇళ్లు. వెనక సీటు పీకేసిన పాత కారులో క్యాన్లు పెట్టుకుని పొద్దున్నే బయలుదేరతాడు. రైల్వే బ్రిడ్జి ఎత్తు వచ్చిందంటే ఆ కారుకు ప్రాణం పోయేది. ఫస్ట్ గేరులో మూలుగుతూ, వెనకున్న ఆటోవాళ్ల తిట్లన్నీ బావకు తినిపిస్తూ ఎక్కేది. "ఇది అమ్మి ఎడ్లబండి కొనుక్కో కాకా" అని ఒకడన్నాడట. బావ నవ్వుతూనే చెప్పాడు గానీ నాకు ఒళ్లు మండిపోయింది. మెకానిక్ బామ్మర్దిని నేనుండగా బావకు ఎడ్లబండా!

"బావా, బండి మూడు రోజులు నాకియ్యి. పెద్ద మోడల్‌ల గిదే ఇంజన్ వస్తది. దాని క్రాంక్ షాఫ్ట్ దీంట్ల కూసుంటది. గుంజుడు మస్తు పెరుగుతది" అన్నాను.

పిస్టన్లను ఆడించే ఇరుసే క్రాంక్, దాని విసురు పెరిగితే పిస్టన్ కిందికీ పైకీ ఇంకాస్త ఎక్కువ దూరం తిరుగుతుంది. బలం ఆ కాస్త దూరంలోనే వస్తుంది. క్రాంక్, దానికి తగ్గ పిస్టన్లు తప్ప మిగతా ఇంజనంతా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. చెప్పడానికి ఎంత సులువో!

"ఖరాబ్ అయితే?" అని బావ ఒక్క మాటే అడిగాడు. ఆ ఇంజన్ పగిలితే అలాంటిది మొత్తంగా మళ్లీ దొరకడం కష్టం. ఇంకో బండి కొనే తాహతు ఆయనకు లేదు, పాలు పోయకపోతే ఇల్లు గడవదు. ఇవన్నీ నాకు తెలుసు. అక్క మాత్రం "నా తమ్ముడు చేస్తడు" అని తాళాలు నా చేతిలో పెట్టింది.

నాకు పని నేర్పింది కిషన్‌బాగ్‌లో ఉండే ఉస్తాద్. సర్కారు బస్సుల వర్క్‌షాపులో రిటైరై, ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆయనకొక అలవాటుంది. ఇంజన్ లోపల ఏ మార్పు చేసినా పిస్టన్ల నెత్తిన గోధుమ పిండి ముద్ద పెట్టి, వాల్వులుండే పైమూత, అదే హెడ్డు, బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ విప్పుతాడు. నలిగిన పిండి మందం చూస్తే పిస్టన్‌కూ వాల్వులకూ మధ్య ఎంత సందు ఉందో తెలిసిపోతుంది. ఎనిమిదేళ్లు ఆయన ఉప్పు తిన్న నేను, ఒకరోజు గిరాకీల ముందే "రొట్టెలు ఇంట్ల చేస్కో ఉస్తాద్, కొలవనీకి నా దగ్గర వెర్నియర్ ఉంది" అనేశాను. ఆయన చేతికంటిన పిండిని గుడ్డతో తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి నేను పనికి పోలేదు. లాల్‌దర్వాజాలో సొంత షాపు పెట్టి ఏడాదైనా ఆ గుమ్మం తొక్కలేదు. నోటిదురుసు మా ఇంటి ఆస్తి. కాస్త సిగ్గు కూడా ఉంటే బాగుండేది.

క్రాంక్ పాత సామాన్ల దుకాణంలో దొరికింది. దానికి తగ్గ పిస్టన్లు అడిగితే దుకాణదారు నాలుగు తీసి ముందు పెట్టాడు. "సేమ్ టు సేమ్ భాయ్, ఫికర్ నక్కో" అన్నాడు. ఈ ఊళ్లో సేమ్ టు సేమ్ అనే మాట నమ్మి మునిగినవాళ్లలో నేనేం మొదటివాణ్ని కాదు. వెర్నియర్ తీసి కొలిచాను. వెడల్పు సేమ్, పిస్టన్‌ను కింది కడ్డీకి తగిలించే పిన్ను సేమ్. పిన్ను రంధ్రం పిస్టన్ నెత్తికి ఎంత కింద ఉందో మాత్రం కొలవలేదు. కొత్త క్రాంక్ పిస్టన్‌ను ఇంకాస్త పైకి తోస్తుంది కాబట్టి, అసలు చూడాల్సింది అదే.

మూడో రోజు పొద్దున హెడ్డు బిగించి, ఇంజన్‌ను చేత్తో తిప్పి చూశాను. ఎక్కడా తగల్లేదు. ఇక స్టార్ట్ చేయడమే. బావ షాపు ముందు నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. అంతలో ఆటో ఆగింది. స్టీలు టిఫిన్ డబ్బా పట్టుకుని ఉస్తాద్ దిగాడు. ముందు రోజు బావే కిషన్‌బాగ్ పోయి ఆయన్ని బతిమాలాడని నాకు తర్వాత తెలిసింది.

నా మొహం చూడకుండానే డబ్బా మూత తీశాడు. లోపల పిండి ముద్ద.

"హెడ్డు విప్పు."

"తిప్పి చూసిన ఉస్తాద్, ఏడా తగుల్తలేదు."

"చేత్తోని తిప్పితే ఏం తగుల్తది? వేడెక్కి ఉరికేటప్పుడు ఇనుము సాగుతది. గప్పుడు తగుల్తది. విప్పు."

లోపల గొణుక్కుంటూనే విప్పాను. పిండి పెట్టి, బిగించి, తిప్పి, మళ్లీ విప్పాం. పిండిలో వాల్వుల అచ్చులు గుండ్రంగా దిగాయి. అచ్చు అడుగున పిండి ఉల్లిపొర కన్నా పల్చగా ఉంది, దాని కింద పిస్టన్ మెరుస్తోంది. అలాగే బ్రిడ్జి ఎక్కించి ఉంటే వాల్వు విరిగి, పిస్టన్‌లో దిగి, ఇంజన్ బద్దలయ్యేది. బావ వైపు చూడలేకపోయాను.

"ఉస్తాద్, గలతీ అయింది" అన్నాను. ఏడాది కిందటి మాటకు కూడా కలిపే అన్నాను.

"గలతీ అయితే లొల్లి చేసుకుంట కూసుంటమా? పిస్టన్లు వేరేవి చూద్దాం పా" అన్నాడు.

అదే దుకాణంలో గుట్టంతా గెలికి, బొటనవేలితో కొలిచి, రంధ్రం నెత్తికి దగ్గరగా ఉన్న పిస్టన్లు నాలుగు ఏరాడు. అలాంటి వాటి నెత్తి వాల్వుల దాకా రాదు. వాటిని బిగించి మళ్లీ పిండి పెట్టాం. ఈసారి అచ్చు అడుగున కూడా పిండి మందంగా నిలిచింది. మర్నాడు బావ బ్రిడ్జి మీద నుంచే ఫోన్ చేశాడు. "క్యాన్లన్నీ నిండుగున్నయ్, సెకండ్ గేర్ల ఎక్కింది బామ్మర్దీ!" అని అరుస్తున్నాడు. సంతోషం పట్టలేక బండి అక్కడే ఆపేసినట్టున్నాడు, వెనక హారన్లు మోగిపోతున్నాయి.

ఆ వారమే బర్రె ఈనింది. అక్క జున్ను ఇస్తే తీసుకుని కిషన్‌బాగ్ వెళ్లాను. ఉస్తాద్ షెడ్డులో పనిలో ఉన్నాడు. ఆయన భార్యను నేను పెద్దమ్మా అంటాను. గిన్నె అందుకుంటూ ఆమె అడిగింది: "ఏమైందిరా, పిండి పనికొచ్చిందా?"

"బండి బతికింది పెద్దమ్మా" అన్నాను. రొట్టెల కోసం కలిపిన దాంట్లోంచి ఉస్తాద్ ఓ ముద్ద తుంచుకొచ్చాడనే అనుకున్నాను అప్పటిదాకా.

"గా దినం పొద్దుగాల పొద్దుగాల్నే నా పానం తీసిండు. వేరే గిన్నెల కలుపు, ఉప్పెయ్యకు, ఉప్పేస్తే పోరని ఇంజన్‌కు తుప్పు పడ్తది అని. కలిపేదాంక వంటింట్లకెళ్లి కదల్లే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కంగారుపడి "ఏందిరా, ఏమైంది?" అంటోంది. షెడ్డులోంచి ఉస్తాద్ గొంతు వినిపించింది.

"వచ్చినోడు ఉత్తగనే పోవద్దని చెప్పు. రొట్టె తిని పొమ్మను."